పరీక్షకు అందని తప్పు: ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా జీవిత కథ

కంప్యూటర్ సైన్స్ చదివే ప్రతి విద్యార్థికీ ఏదో ఒక సెమిస్టర్‌లో ఒక డచ్ పేరు ఎదురవుతుంది. రెండు ఊళ్ల మధ్య అతి దగ్గర దారిని కనిపెట్టే లెక్కకు ఆ పేరే స్థిరపడింది. హైదరాబాద్‌లోనైనా విశాఖపట్నంలోనైనా ఇంజినీరింగ్ కళాశాల మెట్లెక్కినవారికి డైక్‌స్ట్రా అంటే ఆ లెక్కే గుర్తుకు వస్తుంది. అయితే ఆ శాస్త్రవేత్తను జీవితమంతా వెంటాడిన ప్రశ్న వేరు. మనిషి రాసిన ప్రోగ్రాం సరైనదేనని మనకు ఎలా తెలుస్తుంది? కొన్నిసార్లు నడిపి చూసి తృప్తి పడవచ్చునా? లేక గణితంలో సిద్ధాంతాన్ని నిరూపించినట్లు దాన్నీ నిరూపించాలా?

ఈ ప్రశ్నకు ఎడ్స్‌గర్ వైబె డైక్‌స్ట్రా ఇచ్చిన సమాధానం ఆయన కాలంలో చాలామందికి రుచించలేదు. పరిశ్రమ దాన్ని ఆచరణకు పనికిరాని పండితుల మాటగా పక్కన పెట్టింది. అయినా ఆయన వెనక్కి తగ్గలేదు. నేడు డ్రైవర్ లేకుండా నడిచే మెట్రో రైళ్ల వెనుకా, కోట్లాది మంది సమాచారాన్ని దాచే కంప్యూటర్ కేంద్రాల వెనుకా ఆ సమాధానం జాడలు కనిపిస్తాయి.

రోటర్‌డామ్ బాలుడు

డైక్‌స్ట్రా 1930 మే 11న నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ నగరంలో జన్మించారు. తండ్రి రసాయన శాస్త్రం బోధించే ఉపాధ్యాయుడు. తల్లి గణితం చదువుకున్న విదుషి. ఏ ఉద్యోగమూ చేయకపోయినా, కుమారుడి ఆలోచనా విధానాన్ని తీర్చిదిద్దినది ఆమే. లెక్క సరిగా అర్థమైతే దాని పరిష్కారం పొందికగా ఉంటుందనీ, పేజీల కొద్దీ సాగుతూంటే ఎక్కడో దారి తప్పినట్లేననీ ఆమె దగ్గర నేర్చుకున్న పాఠం ఆయనకు చివరిదాకా గీటురాయిగా నిలిచింది.

1940 మే 10న జర్మన్ సేనలు నెదర్లాండ్స్‌పై దండెత్తాయి. మరునాటికి బాలుడికి పదేళ్లు నిండాయి. మరో మూడు రోజులకు బాంబుల వర్షంలో రోటర్‌డామ్ నడిబొడ్డు నేలమట్టమైంది. యుద్ధం ముగిశాక, న్యాయశాస్త్రం చదివి ఐక్యరాజ్య సమితిలో తన దేశానికి ప్రతినిధి కావాలని ఆయన కొంతకాలం తలపోశారు. కాని విజ్ఞాన శాస్త్రాల్లో వచ్చిన మార్కులు ఆయనను లైడెన్ విశ్వవిద్యాలయానికి, సైద్ధాంతిక భౌతిక శాస్త్రం వైపు నడిపించాయి.

1951లో ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో మూడు వారాల ప్రోగ్రామింగ్ శిక్షణ జరిగింది. దాన్ని నిర్వహించినది ఎడ్శాక్ యంత్ర నిర్మాత మారిస్ విల్క్స్. దానికి హాజరైన డైక్‌స్ట్రా మరుసటి ఏడాది మార్చిలో ఆమ్‌స్టర్‌డామ్‌లోని గణిత కేంద్రంలో ప్రోగ్రామర్‌గా చేరారు. అక్కడి యంత్రాలు ఇంకా తయారవుతూనే ఉన్నాయి. ఇంజినీర్లు యంత్రాన్ని నిర్మిస్తూండగా, పుట్టబోయే యంత్రం కోసం ఈయన కాగితం మీద ప్రోగ్రాములు రాసేవారు. నడిపి చూసే అవకాశమే లేని చోట, రాసినది తప్పా ఒప్పా అన్నది ఆలోచించి తేల్చుకోవడం తప్ప వేరే మార్గం లేదు. ఆ అలవాటు అక్కడే నాటుకుంది.

భౌతిక శాస్త్రమా, ప్రోగ్రామింగా అన్న సందిగ్ధం ఆయనను వేధించింది. ప్రోగ్రామింగ్‌కు గౌరవించదగిన శాస్త్ర పునాది అప్పటికి లేదు. ఆయన ఈ మాట తన పైఅధికారి ఆద్రియాన్ వాన్ వైంగార్డెన్ ముందు పెట్టారు. కంప్యూటర్లు ఇక ఎక్కడికీ పోవనీ, ఆ పునాదిని వేసేవారిలో నీవూ ఒకడివి ఎందుకు కాకూడదనీ వైంగార్డెన్ ఎదురు ప్రశ్న వేశారు. డైక్‌స్ట్రా ఆ సాయంత్రానికి మారిన మనిషయ్యారు. అయితే సమాజం అంత త్వరగా మారలేదు. 1957లో వివాహ పత్రంలో తన వృత్తి ప్రోగ్రామర్ అని రాస్తే ఆమ్‌స్టర్‌డామ్ అధికారులు అంగీకరించలేదు. అటువంటి వృత్తి లేదన్నారు. చివరికి సైద్ధాంతిక భౌతిక శాస్త్రవేత్త అని రాయవలసి వచ్చింది.

కాగితం, కలం లేని లెక్క

అంతకు ముందు ఏడాది గణిత కేంద్రంలో ఆర్మాక్ అనే కొత్త యంత్రాన్ని ఆవిష్కరించారు. సామాన్యులకు కూడా అర్థమయ్యే లెక్కను దానితో చేసి చూపాలి. ఆ సమయంలో డైక్‌స్ట్రా ఒకనాడు తన కాబోయే భార్య రియా దెబెట్స్‌తో కలిసి ఆమ్‌స్టర్‌డామ్‌లో తిరిగి, ఒక కాఫీ హోటల్ ముంగిట కూర్చున్నారు. అక్కడ ఇరవై నిమిషాల్లో, కాగితం, కలం లేకుండా, అతి దగ్గర దారి లెక్కను మనసులోనే పూర్తి చేశారు. దేశంలోని 64 పట్టణాల పటం మీద ఆర్మాక్ దాన్ని చేసి చూపింది. 1959లో అది అచ్చయింది. చేతిలో కాగితం లేనందువల్లే అనవసరమైన చిక్కులన్నీ వదులుకోవలసి వచ్చిందనీ, అందుకే ఆ లెక్క అంత తేలికగా కుదిరిందనీ ఆయన తరువాత చెప్పుకున్నారు.

ఆయనను నిజంగా భయపెట్టినది మరొకటి. ఎక్స్-1 అనే కొత్త యంత్రం, ఒక పని మధ్యలో ఉండగానే బయటి పరికరం పిలిస్తే ఆ పని ఆపి పిలుపునకు బదులిస్తుంది. ఆ పిలుపు ఏ క్షణాన వస్తుందో ఎవరూ చెప్పలేరు. అంటే ఒకసారి కనిపించిన తప్పు మళ్లీ కనిపించకపోవచ్చు. వంద సార్లు నడిపి చూసినా పట్టుబడని తప్పు నూట ఒకటోసారి బయటపడవచ్చు. నడిపి చూసి సరిదిద్దుకునే పద్ధతి ఇక్కడ పనికిరాదని ఆయనకు వెంటనే అర్థమైంది. పిలుపు ఎప్పుడు వచ్చినా ప్రోగ్రాం సరిగానే నడుస్తుందని వాదనతో తేల్చవలసిందే. ఆ పని మీదే 1959లో డాక్టరేట్ పొందారు.

ఆ తరువాత యాప్ జొనెవెల్డ్ అనే సహచరుడితో కలిసి అదే యంత్రానికి ఆల్గాల్-60 భాష అనువాదక ప్రోగ్రాం రాశారు. పని ముగిసేదాకా గడ్డం గీసుకోకూడదని ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు. 1960 ఆగస్టులో పని ముగిసింది. జొనెవెల్డ్ గడ్డం తీసేశారు. డైక్‌స్ట్రా మాత్రం జీవితాంతం ఉంచుకున్నారు.

పది వేల ఏళ్ల పరీక్ష

1962లో ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో గణిత ఆచార్యుడిగా చేరిన డైక్‌స్ట్రా, కొద్దిమంది సహచరులతో ఒక నిర్వహణ వ్యవస్థను నిర్మించారు. ఒకే యంత్రం మీద అనేక పనులు ఏకకాలంలో సాగాలి. ఒకదాన్ని మరొకటి చెడగొట్టకూడదు. ఇందుకు ఆయన రైల్వే నుంచి ఒక ఊహను అరువు తెచ్చుకున్నారు. ఒంటి లైను మార్గంలో ఒక రైలు లోపలికి వెళ్లగానే సిగ్నల్ చేయి రెండో రైలును ఆపుతుంది. మొదటిది బయటపడ్డాకే రెండోదానికి దారి దొరుకుతుంది. ప్రోగ్రాముల మధ్య పెట్టిన అటువంటి సిగ్నల్‌కు సెమఫోర్ అని పేరు పెట్టారు. నేటి నిర్వహణ వ్యవస్థల్లో కూడా ఆ పేరు, ఆ పద్ధతి నిలిచి ఉన్నాయి.

ఆ వ్యవస్థను ఆయన అంతస్తులుగా కట్టారు. కింది అంతస్తు సరైనదని తేల్చుకున్న తరువాతే దాని మీద మరొకటి లేపారు. అందువల్ల ఒక్కో అంతస్తులో పరీక్షించవలసిన సందర్భాల సంఖ్య మనిషికి అందేంత చిన్నదైంది. 1968లో ప్రచురించిన నివేదిక ప్రకారం, పరీక్షల్లో బయటపడినవి రాతలో దొర్లిన చిన్న పొరపాట్లే. అవి కూడా సుమారు 500 ఆదేశాలకు ఒకటి చొప్పున మాత్రమే కనిపించాయి. ఒక్కోదాన్నీ పది నిమిషాల్లో పట్టుకోగలిగారు.

పరీక్ష ఒక్కటే ఎందుకు చాలదో వివరించడానికి ఆయన ఒక లెక్క చెప్పేవారు. రెండు అంకెలను గుణించే యంత్ర భాగాన్ని తీసుకుందాం. ఒక్కో అంకెకు 27 బిట్ల చోటు ఉందనుకుందాం. దానికి ఇవ్వగల అంకెల జతలన్నీ లెక్కిస్తే, ఒకటి పక్కన పదహారు సున్నాలు పెట్టినా చాలని సంఖ్య వస్తుంది. నాటి యంత్రం ఒక్కో గుణకారాన్ని సెకనులో కొన్ని లక్షల వంతులో చేసినా, అన్నింటినీ సరిచూడడానికి పది వేల ఏళ్లు పైబడుతుంది. అంటే యంత్రం తన జీవితకాలంలో ఎదుర్కోబోయే లెక్కల్లో అతి కొద్ది భాగాన్నే మనం ముందుగా చూడగలం. మిగతావి సరిగా వస్తాయన్న నమ్మకం లోపలి నిర్మాణాన్ని అర్థం చేసుకోవడం వల్లే కలగాలి. తప్పు ఉందని పరీక్ష చూపగలదు గాని, తప్పు లేదని ఎన్నటికీ చూపలేదని ఆయన తేల్చి చెప్పారు.

1968 సంవత్సరం

ఆ ఏడాది మార్చిలో ఆయన రాసిన చిన్న లేఖ ఒకటి అమెరికాలోని కంప్యూటర్ సంఘం పత్రికలో వచ్చింది. ప్రోగ్రాంలో ఒక చోటి నుంచి మరో చోటికి ఇష్టం వచ్చినట్లు దూకించే గో టూ ఆదేశం ప్రమాదకరమని అందులో వాదించారు. ఆ ఆదేశం విచ్చలవిడిగా వాడిన ప్రోగ్రాంలో, ఒక వాక్యం దగ్గరికి ఏ దారిన వచ్చామో చెప్పలేము. దారి తెలియకపోతే అక్కడ ఏది నిజమో వాదించలేము. ఆ లేఖకు అందరి నోళ్లలో నానిన శీర్షికను పెట్టినది సంపాదకుడు నిక్లౌస్ విర్త్. దాని మీద ఏళ్ల తరబడి వాదోపవాదాలు సాగాయి.

అదే ఏడాది అక్టోబరులో జర్మనీలోని గార్మిష్ పట్టణంలో నాటో ఆధ్వర్యంలో ఒక సదస్సు జరిగింది. పెద్ద సాఫ్ట్‌వేర్ పనులు గడువు దాటుతున్నాయనీ, ఖర్చు హద్దు మీరుతోందనీ, చేతికొచ్చినదాని మీద నమ్మకం కుదరడం లేదనీ నిపుణులు అక్కడ బహిరంగంగా ఒప్పుకున్నారు. సాఫ్ట్‌వేర్ సంక్షోభం అన్న మాట వ్యాప్తిలోకి వచ్చింది ఆ సదస్సుతోనే. సమస్య ఉందని లోకం అంగీకరించడం డైక్‌స్ట్రాకు ఊరట కలిగించింది.

సొంత విశ్వవిద్యాలయంలో మాత్రం ఆయన ఒంటరి అయ్యారు. తాను ముఖ్యమనుకున్న పనిని గణిత విభాగం గణితంగా పరిగణించలేదు. ఆయన తీవ్రమైన మానసిక కుంగుబాటుకు లోనయ్యారు. అందులోంచి తేరుకోవడానికి రాయడం మొదలుపెట్టిన వ్యాసమే నిర్మాణాత్మక ప్రోగ్రామింగ్‌కు ఆధార గ్రంథమైంది. అది మొదట మిత్రులకు నకళ్లుగా అంది, చేతులు మారుతూ దేశదేశాలకు వ్యాపించింది. 1972లో ఓలె-యోహాన్ డాల్, టోనీ హోర్ రచనలతో కలిసి పుస్తకంగా వెలువడింది. ఆ ఏడాదే కంప్యూటర్ రంగంలో అత్యున్నత గౌరవమైన ట్యూరింగ్ పురస్కారం ఆయనను వరించింది. స్వీకార ప్రసంగంలో ఆయన కోరినది వినయాన్ని. మానవ మేధ పరిమితమైనదని అంగీకరించి, ఆ పరిమితిలో ఇమిడే ప్రోగ్రాములనే రాయాలన్నది ఆ ప్రసంగ సారం.

చివరి నుంచి మొదటికి

ప్రోగ్రాంను గణిత పద్ధతిలో నిరూపించవచ్చునని రాబర్ట్ ఫ్లాయిడ్ 1967లో, టోనీ హోర్ 1969లో చూపారు. డైక్‌స్ట్రా ఇంకొక అడుగు వేశారు. ముందు ప్రోగ్రాం రాసి, ఆపైన నిరూపణ కోసం వెదకడం తలకిందుల పని అన్నారు. నిరూపణ, ప్రోగ్రాం చేయి చేయి పట్టుకుని పుట్టాలి. 1976లో వచ్చిన ఆయన గ్రంథం ఈ పద్ధతినే బోధిస్తుంది. చివర ఏ ఫలితం కావాలో ముందుగా స్పష్టంగా రాసుకోవాలి. ఆ ఫలితం తప్పక రావాలంటే చిట్టచివరి ఆదేశానికి ముందు కనీసం ఏ షరతు నెరవేరి ఉండాలి? దానికి ముందు ఏది? ఇలా చివరి నుంచి మొదటికి నడిస్తే ప్రోగ్రాం దానంతట అదే రూపు కడుతుంది.

ఒక చిన్న ఉదాహరణ చూద్దాం. దుకాణదారు చిట్టా పుస్తకంలోని పద్దులను పై నుంచి కిందికి కూడుతున్నాడు. ఏ వరుస దగ్గర ఆపి చూసినా, పక్కన రాసుకున్న అంకె అప్పటిదాకా చూసిన పద్దుల మొత్తమై ఉండాలన్నది నియమం. ఒక్క పద్దూ చూడనప్పుడు ఆ అంకె సున్నా, కనుక నియమం నిలిచింది. ఒక పద్దు కలిపి ఒక వరుస కిందికి జరిగితే నియమం మళ్లీ నిలుస్తుంది. వరుసలన్నీ ముగిసినప్పుడు ఆ అంకే పూర్తి మొత్తం. పద్దులు పదైనా పది లక్షలైనా ఈ వాదన ఒక్క వాక్యం కూడా పెరగదు. ఎన్ని పుస్తకాలతో పరీక్షించినా దొరకని భరోసా ఈ నాలుగు వాక్యాల్లో దొరుకుతుంది.

దీన్ని వ్యతిరేకించినవారు సామాన్యులు కారు. 1979లో డిమిలో, లిప్టన్, పెర్లిస్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు గట్టి ఆక్షేపణ లేవదీశారు. గణిత నిరూపణను పదిమంది చదివి, చర్చించి, మరో చోట వాడి చూస్తారు కాబట్టే దాని మీద నమ్మకం కుదురుతుంది. వేల వాక్యాల ప్రోగ్రాంకు రాసిన నీరసమైన నిరూపణను ఎవరు చదువుతారు? అందులోనూ తప్పులుంటే ఎలా? డైక్‌స్ట్రా దీనికి పరుషంగా బదులిచ్చారు గాని, ఆక్షేపణలో పస లేకపోలేదు. పెద్ద ప్రోగ్రాంను చేతిరాతతో నిరూపించడం దుస్సాధ్యం. అంతేకాక, ఏమి కావాలన్నదే తప్పుగా రాసుకుంటే, నిరూపణ ఆ తప్పును కాపాడుతుంది.

మరోవైపు, పరీక్షను మాత్రమే నమ్ముకున్నందుకు లోకం మూల్యం చెల్లిస్తూ వచ్చింది. 1985, 1987 మధ్య ఉత్తర అమెరికాలో థెరాక్-25 అనే క్యాన్సర్ చికిత్స యంత్రం ఆరుగురు రోగుల మీద ప్రమాదకరమైన మోతాదులో కిరణాలు ప్రసరింపజేసింది. కొందరు మరణించారు. దాని లోపాల్లో ఒకటి, ఆపరేటరు అంకెలను త్వరత్వరగా సవరించినప్పుడు మాత్రమే బయటపడేది. ఏకకాలంలో సాగే రెండు పనుల మధ్య సరైన సిగ్నల్ లేకపోవడమే దానికి మూలం. ఎక్స్-1 రోజుల్లో డైక్‌స్ట్రా భయపడినది సరిగ్గా ఇటువంటి తప్పునే. 1996 జూన్ 4న ఐరోపా రాకెట్ ఏరియన్-5 ఎగిరిన నిమిషంలోపే ధ్వంసమైంది. పాత రాకెట్‌లో చక్కగా పనిచేసిన ప్రోగ్రాం భాగం, కొత్త రాకెట్ వేగాన్ని తెలిపే పెద్ద అంకెను చిన్న చోటులో ఇమడ్చలేకపోవడమే దానికి కారణం.

టెక్సస్ ఆచార్యుడు

డైక్‌స్ట్రా 1973 నుంచి బరోస్ కంపెనీకి పరిశోధకుడిగా న్యూనెన్ గ్రామంలోని తన ఇంటి నుంచే పనిచేశారు. 1984లో అమెరికాలోని ఆస్టిన్‌కు వెళ్లి, టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి స్వీకరించి, 1999 వరకు కొనసాగారు. ఆ విభాగంలో భారతీయులు ఉన్నారు. కాన్పూర్ ఐఐటీలో చదివిన జయదేవ్ మిశ్రా, మద్రాసు ఐఐటీలో చదివిన కె. మణి చాందీ కలిసి, ఏకకాలంలో సాగే ప్రోగ్రాములను తర్కబద్ధంగా రూపొందించే పద్ధతిని 1988లో పుస్తకంగా వెలువరించారు.

కంప్యూటర్ల గురించి ఇంతగా ఆలోచించిన డైక్‌స్ట్రా, రాయడానికి మాత్రం కంప్యూటర్ వాడలేదు. ఫౌంటెన్ పెన్నుతో, అందమైన దస్తూరితో, వరుస సంఖ్యలు వేసి వ్యాసాలు రాసి, నకళ్లు తీయించి మిత్రులకు పంపేవారు. అటువంటివి 1300కు పైగా ఉన్నాయి. ప్రోగ్రాంలో లోపాన్ని పురుగు అనే అర్థం వచ్చే మాటతో పిలవడం ఆయనకు గిట్టేది కాదు. ప్రోగ్రామర్ చూడనప్పుడు ఆ పురుగు దానంతట అదే దూరినట్లు ఆ మాట ధ్వనిస్తుంది. తప్పు అని పిలిస్తే, అది ఎవరిదో వారు బాధ్యత తీసుకోక తప్పదు.

కుంచించుకుపోని వారసత్వం

చేతిరాత నిరూపణకు ఎదురైన అడ్డంకిని తరువాతి తరం మరో దారిలో దాటింది. పూర్తి ప్రోగ్రాంకు బదులు, దాని నడతను తెలిపే గణిత నమూనాను తయారుచేస్తారు. ఆ నమూనా చేరగల ప్రతి స్థితినీ యంత్రమే వెదికి చూస్తుంది. రెండు పనులు ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ నిలిచిపోయే స్థితి ఎక్కడైనా ఉంటే, అక్కడికి ఎలా చేరవచ్చో అడుగడుగునా చూపిస్తుంది. ఈ పద్ధతికి ఆద్యుల్లో ఒకరైన అలెన్ ఎమర్సన్ ఆస్టిన్‌లో డైక్‌స్ట్రా సహచరుడే. ఆయన ఎడ్మండ్ క్లార్క్, జోసెఫ్ సిఫాకిస్‌లతో కలిసి 2007 ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు. స్పిన్ అనే ప్రసిద్ధ తనిఖీ సాధనం భాషలోని ఎంపిక వాక్యాలు డైక్‌స్ట్రా ప్రతిపాదించిన రూపం నుంచే వచ్చాయి. నమూనా చేతిలో ఉంటే, ఏ పరీక్షలు జరపాలో కూడా దాని నుంచే రాబట్టవచ్చు.

ఫ్రాన్స్‌లో జాన్-రేమండ్ అబ్రియాల్ రూపొందించిన బి పద్ధతి కూడా డైక్‌స్ట్రా చూపిన వెనుకనడక తర్కం మీద ఆధారపడినదే. 1998లో మొదలైన పారిస్ మెట్రో 14వ లైనులో రైళ్లు డ్రైవర్ లేకుండా నడుస్తాయి. వాటి భద్రతకు కీలకమైన ప్రోగ్రాంను ఆ పద్ధతిలోనే రాసి, యంత్ర సహాయంతో నిరూపించారు. డైక్‌స్ట్రా సమస్యలే తనకు ప్రేరణ అయ్యాయన్న లెస్లీ లాంపోర్ట్ రూపొందించిన నమూనా భాషను అమెజాన్ ఇంజినీర్లు తమ సమాచార కేంద్రాల రూపకల్పనను సరిచూడడానికి ఉపయోగించారు. మామూలు పరీక్షలకు దొరకని సూక్ష్మమైన తప్పులు దానితో దొరికాయని 2015లో వారు ప్రకటించారు.

క్యాన్సర్ సోకిన డైక్‌స్ట్రా 2002లో స్వదేశానికి తిరిగివచ్చి, ఆగస్టు 6న న్యూనెన్‌లోని తన ఇంట కన్నుమూశారు. ఆయన వయస్సు 72 సంవత్సరాలు. అదే ఏడాది, చెడిన స్థితి నుంచి తనంతట తాను కోలుకునే వ్యవస్థల గురించి ఆయన 1974లో రాసిన చిన్న వ్యాసానికి ఒక పురస్కారం లభించింది. మరుసటి ఏడాది నుంచి ఆ పురస్కారాన్ని ఆయన పేరుతోనే ఇస్తున్నారు.

పరీక్ష నేటికీ సాఫ్ట్‌వేర్ పరిశ్రమకు ప్రధాన ఆధారమే. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై నగరాల్లో దాన్నే వృత్తిగా చేసుకున్న తెలుగువారు వేలాదిగా ఉన్నారు. వారి శ్రమను డైక్‌స్ట్రా వాదం చులకన చేయదు. పరీక్షలన్నీ నెగ్గిన ప్రోగ్రాం కూడా తాను చూడని సందర్భంలో ఎలా నడుచుకుంటుందో ఎవరో ఒకరు ఆలోచించి చెప్పాలని మాత్రం అది కోరుతుంది. రైలులో కూర్చున్నవారికీ, చికిత్స బల్ల మీద పడుకున్నవారికీ ఆ సమాధానం అవసరమే.